జానెడు తరంగము

ఉదజని యను మాటను పాఠశాలలో మొదటిసారి వినినపుడు దాని యర్థమును విప్పి చెప్పగల ఉపాధ్యాయుడు దొరకిన విద్యార్థి భాగ్యవంతుడు. ఉదకమును జనింపజేయునది కాబట్టి అది ఉదజని యైనది. పాశ్చాత్యులు పెట్టిన హైడ్రోజను అను పేరునకు ఇది సరిగా తూగు మాటయే గాని, ఆ వస్తువు చేయు పనులలో మిక్కిలి చిన్నదానిని మాత్రమే యీ పేరు చెప్పుచున్నది. విశ్వములో మనమెరిగిన సామాన్యపదార్థమునంతయు ఒక త్రాసున నుంచి తూచిన యెడల అందు ముప్పాతిక వంతు ఉదజనియే యని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. సూర్యుడు మండుట దాని వలన. నక్షత్రములు పుట్టుట దాని నుండి. నక్షత్రములింకను పుట్టని కాలమున ఆకాశమంతటను నిండియున్నదియు ప్రధానముగా నదియే. అట్టి ఆదిపదార్థము చల్లబడి, ఎచ్చటను మండక, ఒంటిగా పడియున్నపుడు కంటికి కనబడు వెలుగు నేమియు నీయదు. వెలుగు నీయని దానిని వెదకుట యెట్లు? ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకిన కథ యుద్ధకాలమున, శత్రుసేన లాక్రమించిన యొక చిన్న దేశమున మొదలై, ఖండాంతరములు దాటి, మన అనంతపురము కొండల నడుమకు వచ్చినది, ఇంకను ముగియలేదు.

ఆ యుత్తరమును మన యిండ్లలోని కొలతలతోనే చెప్పవచ్చును. అరచేతిని చాచి బొటనవ్రేలి కొన నుండి చిటికెనవ్రేలి కొన వరకు కొలిచినది జానెడు. చల్లని ఉదజని పరమాణువు వెలువరించు రేడియో తరంగపు పొడవు 21 సెంటీమీటర్లు. అనగా ఇంచుమించు జానెడే. ఆ పరమాణువున నున్నవి రెండే కణములు: నడుమ ప్రోటాను, దానిని చుట్టుకొని ఎలక్ట్రాను. ఈ రెండును బొంగరముల వలె ఆత్మభ్రమణము గలవి యని యూహించుకొనిన యెడల, రెండు బొంగరములును ఒకే దిక్కునకు తిరుగు స్థితికంటె, ఒకదానికొకటి ఎదురు దిక్కున తిరుగు స్థితిలో శక్తి రవంత తక్కువ. మొదటి స్థితి నుండి రెండవ స్థితికి జారునపుడు ఆ రవంత శక్తియే జానెడు తరంగమై బయటికి వచ్చును. అయితే ఒక పరమాణువును దాని మానమున దానిని విడిచిన యెడల అది యిట్లు జారుటకు సగటున కోటి పదిలక్షల యేండ్లు పట్టును! ఇంత బద్ధకము గల ధ్వనిని వినగలమని తలచుటయే సాహసము. కాని ఒక్కొక్క గింజ రాలుటకు ఒక యుగము పట్టినను, పంట అనంతమైనపుడు కళ్లమున గింజలు రాలని క్షణ ముండదు గదా. పాలపుంతలోని ఉదజని రాశి అట్టిది.

ఆకాశము నుండి రేడియో తరంగములు వచ్చుచున్నవను సంగతియే యప్పటికి క్రొత్తది. 1932వ సంవత్సర ప్రాంతమున అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో కార్ల్ జాన్‌స్కీ అను యువ ఇంజనీరు, సముద్రముల మీదుగా సాగు రేడియో టెలిఫోను సంభాషణలకు అడ్డువచ్చు గరగరధ్వని యెచ్చటి నుండి పుట్టుచున్నదో పరిశీలింప నియుక్తుడై, అందొక భాగము 23 గంటల 56 నిమిషముల కొకసారి మరలివచ్చుట గమనించి, అది సూర్యుని వెంట గాక నక్షత్రముల వెంట నడచుచున్నదనియు, దాని స్థానము పాలపుంత నడిబొడ్డనియు నిర్ణయించెను. వృత్తి జ్యోతిశ్శాస్త్రజ్ఞులలో దీనిని పట్టించుకొన్నవారు మిక్కిలి యరుదు. గ్రోట్ రీబర్ అను మరియొక ఇంజనీరు మాత్రము 1937లో ఇల్లినాయి రాష్ట్రమునందలి వీటన్ గ్రామమున, తన యింటి పెరటిలో, తన సొంత సొమ్ముతో, 31 అడుగుల వెడల్పు గల లోహపు డిష్షును తానే కట్టి, ఆకాశమును వినుట కారంభించెను. అతడు 1940లో ప్రకటించిన వ్యాసము యుద్ధపు టడ్డంకులను దాటి ఎట్లో హాలెండు చేరినది. చేరి, యాన్ ఊర్ట్ చేతిలో పడినది.

ఊర్ట్ అప్పటికే పాలపుంత తన చుట్టు తాను తిరుగుచున్నదని 1927లో నిరూపించిన ప్రసిద్ధుడు. పాలపుంతలోని ధూళి వెలుగును మ్రింగివైచుటచేత దాని లోపలి నిర్మాణము టెలిస్కోపులకు చిక్కుట లేదను చింత యాతని నెంతకాలము నుండియో బాధించుచుండెను. రీబరు వ్యాసమును చూచిన వెంటనే యాతనికి తోచినదేమనగా: రేడియో తరంగములకు ధూళి అడ్డు కాదు గనుక, రేడియో ధ్వనిలో నొక నిశ్చితమైన శ్రుతి, ఒక రేఖ, దొరకెనా, ఆ రేఖ యెంత జరిగినదో చూచి మేఘముల వేగమును, వేగమును బట్టి వాని స్థానమును కనుగొని, పాలపుంత పటమును గీయవచ్చునని. ఈ ప్రశ్నను ఆయన హెండ్రిక్ వాన్ డ హుల్స్ట్ అను విద్యార్థికి ఒప్పగించెను. ఆ దినములు సామాన్యమైనవి కావు. యూదులైన ఆచార్యులను తొలగించుటను ధిక్కరించి నిరసన తెలిపినందున లైడన్ విశ్వవిద్యాలయమును జర్మనులు 1940లోనే మూసివేసిరి; ఊర్ట్ పదవిని విడిచి పల్లెకు పోయి తలదాచుకొనెను. అట్టి స్థితిలో 1944 ఏప్రిల్ 15వ తేదీన లైడన్‌లో కూడిన యొక చిన్న జ్యోతిశ్శాస్త్ర సభలో, ఇరువదియైదేండ్ల ఆ విద్యార్థి లేచి, ఉదజని పరమాణువు 21 సెంటీమీటర్ల తరంగమును వెలువరింపవలెననియు, అది వినబడునో లేదో పరికరముల సూక్ష్మతను బట్టి యుండుననియు చెప్పెను. బయట వీథిలో పరదేశపు సైనికులు కావలి తిరుగుచుండగా, లోపల కొందరు మనుష్యులు కూర్చుండి, పాలపుంతలోని చల్లని వాయువు పలుకుట సాధ్యమా యని తర్కించుట తలచుకొనినపుడెల్ల నాకు మానవజాతి మీద గౌరవము పెరుగుచుండును.

యుద్ధము ముగిసినది. 1949లో సోవియట్ దేశమున ష్క్లోవ్‌స్కీ ఈ లెక్కను తిరిగి కట్టి, వినుట సాధ్యమే యని నొక్కి చెప్పెను. హాలెండువారు జర్మనులు తీరమున విడిచిపోయిన రాడారు డిష్షులలో నొకదానిని, ఏడున్నర మీటర్ల దానిని, కోట్‌వైక్ అనుచోట నిలిపి పనికి పూనుకొనిరి. విమానములను పసిగట్టి కూల్చుటకై చేసిన యంత్రము నక్షత్రముల నడిమి వాయువును వినుటకు మరలినది. దురదృష్టవశమున 1950లో జరిగిన యగ్నిప్రమాదమున వారి రిసీవరు కాలిపోయి, పని మరల మొదటికి వచ్చినది. ఈ లోపల అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున హెరాల్డ్ యువెన్ అను పరిశోధక విద్యార్థియు, అతని గురువు ఎడ్వర్డ్ పర్సెలును వేరొక త్రోవను నడచుచుండిరి. వారి వద్ద నున్న ధనము 500 డాలర్ల విరాళము. ఆ సొమ్ముతో యువెన్ ప్లైవుడ్ పలకలతో చతురస్రపు గరాటు వంటి యొక కొమ్మును తయారుచేసి, లోపల రాగిరేకు తొడిగి, లైమన్ ప్రయోగశాల కిటికీ వెలుపల, నోరు ఆకాశము వైపు తెరచి, కదలకుండ బిగించెను. ఆకాశమును వెదకుట కది తిరుగదు. భూమి తిరుగుచుండగా పాలపుంతయే దాని యెదుటికి వచ్చుచు పోవుచుండును. వాన కురిసినపుడు ఆ గరాటు నీటినంతయు పట్టి ప్రయోగశాలలోనికి వంపెడిది. మంచు పడు దినములలో క్రింద నడచిపోవు విద్యార్థులు దాని నోటిలోనికి మంచుముద్దలు విసరెడివారు. ఈ మొరటు కొమ్ము వెనుక నున్న యుపాయము మాత్రము మహాసూక్ష్మమైనది. రిసీవరు ఒక క్షణము ఉదజని పలుకవలసిన శ్రుతిని, మరుక్షణము దాని ప్రక్కనున్న మూగశ్రుతిని వినుచు, రెంటికి గల భేదమును మాత్రమే నిలుపుకొనునట్లు యువెన్ అమర్చెను. రెంటికిని సమానమైన గరగర యంతయు ఒకదానినొకటి కొట్టివేసికొనగా, ఉదజని పలికిన మాట యొక్కటే మిగులును.

1951 మార్చి 25వ తేదీన ఆ మాట వినబడినది.

తరువాతి నడవడి యీ శాస్త్రమునకే యలంకారము. వాన్ డ హుల్స్ట్ ఆ సమయమున అతిథిగా హార్వర్డులోనే యుండెను. యువెన్, పర్సెలు తమ పద్ధతిని హాలెండువారికి దాపరికము లేక తెలిపిరి. మే 11న కోట్‌వైక్‌లో ముల్లర్ అను ఇంజనీరు, ఊర్ట్ కలిసి అదే రేఖను వినిరి. కబురందుకొనిన ఆస్ట్రేలియాలో క్రిస్టియన్‌సన్, హిండ్మన్ అనువారు చేతికందిన పరికరములను కూర్చి కొలది వారములలోనే నిర్ధారించిరి. 'నేచర్' పత్రిక 1951 సెప్టెంబరు 1వ తేదీ సంచికలో హార్వర్డు, హాలెండు వ్యాసములు రెండును ప్రక్కప్రక్కన అచ్చయినవి. ఆస్ట్రేలియావారి నిర్ధారణయు వానితో కలిసి వెలువడినది. మొదటి స్థానమునకై తొక్కిసలాడుట యెరిగిన లోకమున ఇట్టి సౌజన్యము స్మరణీయము. ఏడేండ్లు గడచుసరికి, 1958లో, హాలెండు ఉత్తరాకాశమును, ఆస్ట్రేలియా దక్షిణాకాశమును విని కూర్చిన పటము నొకదానిని ఊర్ట్, కెర్, వెస్టర్‌హౌట్ అను ముగ్గురు ప్రకటించిరి. మనముండు పాలపుంతకు సర్పిలాకారమున భుజములు చుట్టుకొనియున్నవని ఉదజని నోటనే లోకము వినెను.

ఇచ్చట భారతదేశపు త్రోవ యీ కథను కలియును. నాకు దీనియందు ప్రత్యేకమైన ప్రీతి. సిడ్నీ నగరమునకు నీరందించు పాట్స్‌హిల్ అను జలాశయము గట్టున క్రిస్టియన్‌సన్ ఆరేసి యడుగుల డిష్షులు ముప్పదిరెంటిని వరుసగా నిలిపి, అదే 21 సెంటీమీటర్ల తరంగముపై సూర్యుని పరిశీలించుచుండెను. 1953లో అచ్చటికి శిష్యరికమునకు వెళ్లిన యువకుడు గోవింద స్వరూప్. ఉత్తరప్రదేశమున ఠాకుర్‌ద్వారా అను చిన్న పట్టణమున 1929లో పుట్టి, అలహాబాదులో చదివి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కె.ఎస్. కృష్ణన్ గారి ప్రోత్సాహమున పైకి వచ్చినవాడు. క్రిస్టియన్‌సన్‌కు ఆ డిష్షులతో పని తీరిన పిదప, వానిని పారవేయుట యెందులకు, మా దేశమునకిండని స్వరూప్ అడిగెను. ఆస్ట్రేలియావారు దానముగా నిచ్చిరి. అవి ఢిల్లీ చేరి చాలకాలము ఊరకే పడియున్నవి. స్వరూప్ ఈలోగా అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొంది, హోమీ భాభా పిలుపునందుకొని 1963లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిన పిదపనే వానికి మోక్షము కలిగినది. 1965లో బొంబాయి సమీపమున కల్యాణ్‌లో ఆ డిష్షులే మన దేశపు తొలి రేడియో జ్యోతిశ్శాస్త్ర వ్యూహముగా నిలిచినవి. పరదేశపు జలాశయపు గట్టున ఉదజని శ్రుతికి కట్టిన డిష్షులు మన నేలమీద మరల ఆకాశమును చూచినవనగా ఉల్లాసము కలుగక మానునా?

ఊటీ టెలిస్కోపు కథ ఉదజనికి కొంత ప్రక్కగా జరిగినదే యైనను, దానిని విడిచిపోలేను. భూమి తిరుగు నిరుసునకు సమాంతరముగా నొక పొడవాటి యాంటెన్నాను నిలిపిన యెడల, దానిని ఆ యిరుసుమీదనే మెల్లగా త్రిప్పి నక్షత్రమును గంటలకొలది వెంటాడవచ్చును. అట్లు నిలుపుటకు ఆ యూరి అక్షాంశమెంతో కొండవాలును అంతే యుండవలెను. నీలగిరులలో ఊటీ చెంత పదకొండు డిగ్రీల వాలు, పదకొండు డిగ్రీల అక్షాంశము గల కొండను వెదకి పట్టుకొని, దానిమీద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల యాంటెన్నాను 1970 నాటికి నిలిపిరి. కొండయే యంత్రములో సగమైనది. ధనము తక్కువైన చోట బుద్ధి యెక్కువగా పనిచేయవలెనను స్వరూపుని పట్టుదలకు ఈ కొండవాలు మొదటి సాక్ష్యము.

ఇక జానెడు తరంగము బారెడైన సంగతి చెప్పవలెను. విశ్వము వ్యాకోచించుచున్నదని 1929 నుండి లోకమెరుగును. వ్యాకోచించు ప్రదేశమున నడచివచ్చు తరంగము కూడ దానితో పాటు సాగును. ఎంత దూరము నుండి, అనగా ఎంత పూర్వకాలము నుండి బయలుదేరినదో అంత యెక్కువగా సాగియుండును. ఉదజని యొద్ద జానెడై బయలుదేరినది, సుమారు 800 కోట్ల యేండ్లు నడచి వచ్చినదైనచో, మన చేతికి చేరుసరికి మూరెడగును. ఇంకను పూర్వమున, విశ్వమునకు 60 కోట్ల యేండ్లు నిండిన కాలమున బయలుదేరినది బారెడు దాటును. తొలి నక్షత్రములు కన్ను తెరచు వేళ బయలుదేరినది రెండు బారలగును. కాబట్టి ఈ లిపిలో తరంగపు పొడవే తిథి. రిసీవరును ఏ పొడవునకు శ్రుతి చేసితిమో విశ్వచరిత్రలో ఆ నాటి పుట తెరచుకొనును. వెలుగునకు ఇట్టి సౌకర్యము లేదు. ఏలయన, విశ్వము పుట్టిన 3 లక్షల 80 వేల యేండ్లకు ఎలక్ట్రానులు ప్రోటానులు కూడి ఉదజనియైన పిదప, మొదటి నక్షత్రము వెలుగువరకు కోట్లకొలది సంవత్సరములు చీకటి. ఆ యంధకారయుగమునకు సాక్షి చల్లని ఉదజని యొక్కటే. పిమ్మట నక్షత్రముల తీక్ష్ణకిరణములు ఆ యుదజనిని తిరిగి ఛేదించి, ఎలక్ట్రానులను ప్రోటానులను విడదీయగా, సుమారు నూరుకోట్ల యేండ్లకు గెలాక్సీల నడుమ దాని మాట ఆగిపోయినది.

ఈ మాటను వినవలెనను సంకల్పముతోనే స్వరూప్ తన జీవితములోని పెద్ద నిర్మాణమునకు పూనుకొనెను. రష్యాలో జెల్డోవిచ్, సున్యాయెవ్ అనువారు, విశ్వపు బాల్యమున ఉదజని మహామేఘములు పళ్లెముల వలె చదునుగా కూలి, పిదప ముక్కలై గెలాక్సీలయ్యెనని సిద్ధాంతీకరించిరి. అట్టి మేఘముల తరంగములు మీటరు పొడవు ప్రాంతమున వినబడవలెను. మీటరు తరంగములను వినుటకు విశాలమైన డిష్షులు కావలెను. విశాలమైన డిష్షులకు విస్తారమైన ధనము కావలెను. స్వరూప్ కనుగొన్న యుపాయమేమనగా, అంత పొడవైన తరంగములకు గట్టి రేకు అక్కరలేదు, వల చాలును. పూణెకు ఉత్తరమున సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నారాయణగావ్ చెంత ఖోడద్ అను పల్లెలో నిలిచి తల యెత్తి చూచినవానికి ఆ డిష్షు ఆకాశమున పరచిన చేపలవల వలె కనబడును. చుట్టును పదునారు ఉక్కు పక్కటెముకలు. వాని నడుమ బిగించిన ఉక్కుతాళ్లు. ఆ తాళ్లకు కట్టిన, అర మిల్లీమీటరుకు కొంచెమెక్కువ లావు గల తుప్పుపట్టని సన్నని తీగలతో అల్లిన జల్లెడ. గాలి అందులోనుండి దూసికొని పోవును గనుక 45 మీటర్ల వెడల్పు గల డిష్షునకు అంత బరువైన కట్టడము అవసరము లేకపోయెను. అట్టివి ముప్పది. పదునాలుగు నడుమ నొక కిలోమీటరు మేర గుంపుగాను, మిగిలిన పదునారు మూడు దారులలో త్రిశూలపు కొమ్మల వలె 25 కిలోమీటర్ల మేరకు వ్యాపించియు, ద్రాక్ష, టమాట చేలనడుమ నిలిచియున్నవి. 2002 నుండి లోకములోని శాస్త్రజ్ఞులందరికి దీని ద్వారములు తెరచియున్నవి.

ఆ పళ్లెపు మేఘములు దొరకలేదు. మేఘము మొదట, గెలాక్సీ పిదప అను జెల్డోవిచ్ క్రమమే తారుమారై, చిన్న కూటములు ముందు పుట్టి పెద్దవి తరువాత కూడినవను మతము నిలబడినది. ఇది ఖోడద్ వైఫల్యమని నేనెంచను. వెదకి, లేదని చెప్పగల పరికరము కట్టుటయు విజ్ఞానమున సిద్ధియే. ఆ డిష్షులతోనే యొక అంతర్జాతీయ బృందము, బారెడు తరంగముపై, అనగా నక్షత్రములు ఉదజనిని ఛేదించుచున్న కాలమునందు, దాని మాటకొరకు చెవియొగ్గినది. కష్టమెంతయనగా, మన పాలపుంత స్వయముగా చేయు గరగరధ్వని ఆ మాటకంటె పదివేల రెట్లు బిగ్గరైనది. తిరునాళ్ల డప్పుల నడుమ చీమ నడకను వినుట వంటిది. 2011లో ఆ బృందము, ఉదజని సంకేతము 70 మిల్లీకెల్విన్లకు మించి యుండజాలదని హద్దు ప్రకటించినది. పిదప తమ లెక్కను తామే మరల పరీక్షించి, పాలపుంత గరగరను తీసివేయు క్రమమున ఉదజని మాటలో కొంత భాగమును కూడ తాము పొరపాటున తీసివేయుచుండిరని గ్రహించి, ఆ హద్దును 2013లో 248 మిల్లీకెల్విన్లకు సడలించిరి. తమ ఘనతను తాము తగ్గించుకొనుచు వ్రాసిన ఆ రెండవ వ్యాసమే మొదటిదానికంటె విలువైనదని నా నిశ్చితాభిప్రాయము. తరువాత వచ్చినవారందరును అందునుండి పాఠము నేర్చుకొనిరి.

మూరెడు తరంగమున మాత్రము జయము స్పష్టముగా లభించినది. 2020లో ఆదిత్య చౌధురి, నిస్సీమ్ కనేకర్, జయరామ్ చెంగలూర్, ద్వారకానాథ్, శివ్ సేథీ అను మనవారు, నవీకరించిన ఖోడద్ డిష్షులతో సుమారు నూరు గంటలు విని, ఒక్కొక్కటిగా వినబడని 7,653 గెలాక్సీల ఉదజని ధ్వనులను ఒకదానిమీద నొకటి పేర్చి సగటుకట్టిరి. వినబడినది! 800 కోట్ల యేండ్ల క్రిందటి గెలాక్సీలలో ఉదజని సమృద్ధిగా నున్నను, నక్షత్రములను కను వేగమును బట్టి చూడగా అది ఒకటి రెండు వందల కోట్ల యేండ్లలోనే చెల్లిపోవలసినంత మాత్రమే యని తేలినది. ఆ పిదప విశ్వమున నక్షత్రములు పుట్టుట యేల మందగించినదో దీనివలన తెలిసినది: గాదెలో గింజలు నిండుకొన్నవి. ఈ ఫలితము 'నేచర్'లో వెలువడుటకు కొద్దివారములకు ముందు, సెప్టెంబరు 7వ తేదీన, గోవింద స్వరూప్ తన 91 యేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

తెలుగు పాఠకులకు చెప్పవలసిన సంగతి యిక్కడ నున్నది. పెద్ద వ్యూహములతో ఆకాశపు పటము గీయుట యొక పద్ధతి కాగా, ఒకే యొక చిన్న యాంటెన్నాతో ఆకాశమంతటి సగటు మాటను వినుట వేరొకటి. ఈ రెండవదానికి కావలసినది డిష్షుల సంఖ్య కాదు, నిశ్శబ్దము. సాగివచ్చిన ఉదజని తరంగములు చేరునది మన ఎఫ్.ఎం. ప్రసారములు, టెలివిజను సంకేతములు క్రిక్కిరిసిన చోటనే. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థవారు 'సరస్' అను పేర తాము నిర్మించిన పరికరముల రెండవ దానికై నిశ్శబ్దమైన తావును వెదకి, అప్పటి అనంతపురము జిల్లాలో చెన్నేకొత్తపల్లి ప్రాంతమునందలి టింబక్టు లోయను ఎన్నుకొనిరి. 1990లో 32 ఎకరముల బీడునేలను కొని, చెట్టు మొలవని చోట చెట్లను మొలిపించిన టింబక్టు కలెక్టివ్ వారి లోయ యది. కొండలు చుట్టును గోడవలె నిలిచి ఊళ్ల రేడియో సందడిని కొంత ఆపును. అల్యూమినియపు గుండ్రని పళ్లెము నేలమీద పరచి, దానిమీద తలక్రిందుగా నొక శంకువును, శంకువుమీద గోళమును నిలిపిన యాంటెన్నా యది. దూరమునుండి చూచినచో ఎవరో పీటమీద పెట్టి మరచిపోయిన పెద్ద బుడ్డి వలె నుండును. రాత్రివేళల 63 గంటలు కూడబెట్టిన ధ్వనినిబట్టి, ఆదికాలపు వాయువు వేడెక్కుటను గూర్చిన కొన్ని సిద్ధాంతములు నిలువవని 2017లో వారు ప్రకటించిరి. కరవునకు పేరుపడిన ఆ సీమ, విశ్వపు తొలి ఉదకజననిని వినుటకు చోటిచ్చినది.

మరుసటి యేడు, 2018 మార్చిలో, పశ్చిమ ఆస్ట్రేలియా యెడారిలో బల్లవంటి యాంటెన్నాతో పనిచేయుచున్న అమెరికా బృందమొకటి, 78 మెగాహెర్ట్జుల యొద్ద, అనగా దాదాపు రెండు బారల తరంగముపై, తొలి నక్షత్రముల జాడ వినబడినదని చాటెను. కాని యా సంకేతము సిద్ధాంతము చెప్పిన దానికంటె రెండింతలకు పైగా లోతైనది. భౌతికశాస్త్రమునే మార్చవలసియుండునా యని లోకమున గొప్ప కలకలము లేచినది. రామన్ సంస్థవారు దీనిని పరీక్షింప నిశ్చయించిరి. నేలమీది యాంటెన్నాకు ఒక చిక్కు కలదు: క్రింది మట్టిలోని పొరలు, తేమ, రాయి యెడమెడమగా నుండి, తరంగములను తిరుగగొట్టి, లేని సంకేతమును ఉన్నట్లు భ్రమింపజేయవచ్చును. నీరు అట్లు కాదు. ఎంత లోతు పోయినను ఒకేరీతి. అందుచేత వారు మూడవ సరస్‌ను తెప్పమీద నుంచి, 2020 ఆరంభమున కర్ణాటకమున దండిగనహళ్లి చెరువు మీదను, శరావతి నది వెనుకజలముల మీదను తేలించిరి. సరస్సనగా మన భాషలో చెరువే. ఉదజనిని వినుటకు ఉదకమే పీఠమైనది. నీటిమీద విన్న చెవికి ఆ యాస్ట్రేలియా సంకేతము వినబడలేదు. 2022 ఫిబ్రవరిలో వెలువడిన వారి వ్యాసము, నూటికి 95 పాళ్లకు పైగా నిశ్చయముతో, అది ఆకాశమునుండి వచ్చినది కాదని నిరాకరించినది. తొలి నక్షత్రముల నాటి ఉదజని మాటను నిస్సందేహముగా వింటిమని నేటికిని ఎవ్వరును చెప్పజాలరు.

ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలో లక్షా ముప్పదియొక్క వేలకు పైగా చిన్న యాంటెన్నాలతో నొక మహావ్యూహము నిర్మాణమగుచున్నది; అందు భారతదేశమును భాగస్వామి. ఆ పని జరుగుచుండగా, పాఠకులకు నాదొక విన్నపము. ఫిబ్రవరి 28వ తేదీన జాతీయ విజ్ఞానదినోత్సవ సందర్భమున ఖోడద్‌లో డిష్షులను చూడవచ్చు జనమునకు ద్వారములు తెరచుట ఆచారము. వీలైన యెడల మీ పిల్లలను తీసికొని వెళ్లుడు. ఆ తీగల వలక్రింద నిలిపి, అరచేతిని చాచి జానెడును, చేతులు చాచి బారెడును వారిచేతనే కొలిపింపుడు. పోవునపుడు మీ జేబులోని సెల్‌ఫోనును మాత్రము పూర్తిగా ఆపివేయుడు.